హోస్ట్ సర్వర్‌కి నెట్ పోతే ఎక్కడ మొదలుపెట్టాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు కాలేజీల్లో, నర్సింగ్ హోముల్లో, రైస్ మిల్లుల్లో సర్వర్లు చూసుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గర ఉండేది పెద్ద డేటా సెంటర్ కాదు. ఒక గది, ఒక ర్యాక్, అందులో ఒకటో రెండో సర్వర్లు. ఒకే పెట్టెలో చాలా కంప్యూటర్లు నడిపించే ప్రాక్స్‌మాక్సో ఈఎస్‌ఎక్స్ఐయో హైపర్-వీయో వాటి మీద వేసి, ఒక్కోదాంట్లో ఐదారు వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడుపుతాం. వాటిని మోసే ఆ సర్వరే హోస్ట్. బిల్లింగ్ ఒక వీఎం, ట్యాలీ ఒక వీఎం, ల్యాబ్ రిపోర్టులు ఇంకోటి. ఆ ఒక్క పెట్టెకి నెట్ పోయిందంటే కౌంటర్ దగ్గర జనం నిలబడిపోతారు, మేనేజర్ దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఆ టెన్షన్‌లో మన చేయి తిన్నగా రీస్టార్ట్ బటన్ మీదికి పోతుంది.

దయచేసి ఆ బటన్ నొక్కకండి. హోస్ట్‌ని రీస్టార్ట్ చేస్తే బాగా నడుస్తున్న వీఎంలు కూడా దాంతో పాటు పడుకుంటాయి. పైగా రెండు నెలల క్రితం ఎవరో కాన్ఫిగరేషన్ ఫైల్లో తప్పు రాసి అప్లై చేయకుండా వదిలేసి ఉంటే, అది సరిగ్గా ఈ రీస్టార్ట్‌లోనే అమల్లోకి వస్తుంది. అప్పుడు ఉన్న సమస్యకి తోడు కొత్తది. ముందు చూడండి, తర్వాత ఒక్కొక్కటి మార్చండి. మార్చిన ప్రతిదీ ఒక కాగితం మీద టైముతో సహా రాసుకోండి.

మొదటి అడుగు: ఎవరికి పోయింది?

"సర్వర్ పోయింది" అని ఫోన్ వస్తుంది. ఆ మాటలో సమాచారం ఏమీ లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న వేరే కంప్యూటర్ దగ్గర కూర్చుని మూడు పింగ్‌లు (అవతలి మెషిన్ పలుకుతుందా అని అడిగే కమాండ్) కొట్టండి. ఒకటి గేట్‌వేకి (బయటికి దారిచ్చే రౌటర్), ఒకటి హోస్ట్ ఐపీకి, ఒకటి ఏదైనా వీఎం ఐపీకి.

గేట్‌వే కూడా పలకకపోతే మీ సర్వర్‌కి సంబంధం లేకపోవచ్చు, ముందు స్విచ్ దగ్గరికో రౌటర్ దగ్గరికో వెళ్లండి. గేట్‌వే పలికి, హోస్టూ వీఎంలూ రెండూ పలకకపోతే కేబుల్, నెట్‌వర్క్ కార్డు, స్విచ్ పోర్టు, బ్రిడ్జి (సర్వర్ లోపలి స్విచ్ లాంటిది), ఈ నాలుగింటిలో ఒకటి. వీఎంలు పలుకుతూ హోస్ట్ ఒక్కటే పలకకపోతే కేబుల్ మీద అనుమానం వదిలేయండి, చాలావరకు హోస్ట్ సొంత ఐపీ సెట్టింగే పోయి ఉంటుంది. హోస్ట్ పలుకుతూ వీఎంలన్నీ పోతే బ్రిడ్జి, వీల్యాన్ (ఒకే స్విచ్‌ని నంబర్లతో విడివిడి నెట్‌వర్క్‌లుగా విడగొట్టే పద్ధతి), ఫైర్‌వాల్ వైపు చూడాలి. ఒక్క వీఎం మాత్రమే పోతే ముందు ఆ వీఎం లోపల చూడండి, హోస్ట్‌ని కదపొద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త. విండోస్ వీఎం పింగ్‌కి పలకనంత మాత్రాన అది పోయినట్టు కాదు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌ని అడ్డుకుంటుంది. అందుకే అన్నీ బాగున్న రోజున ఏ వీఎం పింగ్‌కి పలుకుతుందో, ఏది పలకదో చూసి రాసిపెట్టుకోవాలి.

ఇంకొకటి. హోస్ట్ పింగ్‌కి పలుకుతోంది గానీ వెబ్ పేజీ మాత్రం తెరుచుకోవడం లేదంటే అది నెట్‌వర్క్ సమస్య కాకపోవచ్చు. ప్రాక్స్‌మాక్స్ పేజీ 8006 పోర్టు మీద, హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరుచుకుంటుంది. పాత వెర్షన్లలో చివర ఎస్ లేకుండా హెచ్‌టీటీపీ అని కొట్టి పేజీ రాలేదని కంగారు పడినవాళ్లు నాకు తెలుసు. బ్యాకప్‌లతో రూట్ డిస్క్ నిండిపోయినా ఆ పేజీ మొరాయిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో (కమాండ్లు కొట్టడానికి దూరం నుంచే లాగిన్ అయ్యే దారి) లోపలికి వెళ్లి డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో ఒకసారి చూడండి.

రెండో అడుగు: సర్వర్ ముందు కూర్చోవడం

నెట్ పోయిన సర్వర్‌ని నెట్ ద్వారా బాగు చేయలేం. డెల్ సర్వర్ అయితే ఐడ్రాక్, హెచ్‌పీ అయితే ఐలో అని, సర్వర్ స్క్రీన్‌ని దూరం నుంచి చూపించే పోర్టు ఉంటుంది. దానికి విడిగా ఒక కేబుల్ ఇచ్చి, వీలైతే వేరే స్విచ్‌కి కలిపి పెడితే ఇంటి నుంచే స్క్రీన్ చూడొచ్చు. కొన్నప్పుడు ఆ పోర్టుకి కేబుల్ పెట్టకుండా వదిలేసిన సర్వర్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. ఈ వారంలోనే ఆ కేబుల్ పెట్టేయండి.

అవి లేని మామూలు అసెంబుల్డ్ పెట్టె అయితే ఒక మానిటర్, ఒక కీబోర్డు ఆ గదిలోనే ఉండాలి. చాలా సర్వర్లకి వెనక వీజీఏ పోర్టే ఉంటుంది, కొత్త మానిటర్లలో చాలావాటికి అది ఉండదు. పాత మానిటర్ ఒకటి పాతసామాన్లవాడికి వేయకుండా దాచండి. విజయనగరం నుంచో బరంపురం నుంచో కన్వర్టర్ తెప్పించేలోగా ఒక పూట గడిచిపోతుంది.

మీరు ఊళ్లో లేనప్పుడు అక్కడున్న స్టాఫ్ చేత చూపించాల్సి వస్తుంది. వాళ్లకి బ్రిడ్జి, వీల్యాన్ చెప్పి లాభం లేదు. సర్వర్ వెనక కేబుల్ గుచ్చిన చోట లైటు వెలుగుతోందా అని మాత్రం అడగండి. తెలుగు రానివాళ్లయితే ఒడియాలో "లైట్ జొళుచి కి?" అంటే చాలు. ఆ ఒక్క జవాబుతో సగం దారి తేలిపోతుంది.

మూడో అడుగు: కేబుల్

దీన్ని చిన్నచూపు చూడకండి. నేను వెళ్లిన కేసుల్లో సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుని మొదలుపెట్టి కేబుల్ దగ్గర తేలినవే ఎక్కువ.

లైటు లేకపోతే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే స్విచ్‌లో వేరే పోర్టుకి మార్చండి. ఆ తర్వాత సర్వర్‌లో వేరే పోర్టు. ఒకసారి ఒకటే మార్చాలి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు, పాడైన కేబుల్ మళ్లీ అదే డబ్బాలోకి వెళ్లి ఆరు నెలల తర్వాత మళ్లీ మిమ్మల్నే ఏడిపిస్తుంది.

లైటు ఉన్నా నమ్మొద్దు. లైనక్స్ హోస్ట్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్ పక్కన కార్డు పేరు ఇస్తే స్పీడ్ ఎంతో చెబుతుంది. గిగాబిట్ కార్డు 1000 చూపించాలి. 100 చూపిస్తోందంటే కేబుల్ లోపల ఏదో జత తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ల్యాన్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. 100 స్పీడుకి రెండు జతలు చాలు, మన దగ్గర అందరూ వాడే కలర్ కోడ్‌లో అవి నారింజ, ఆకుపచ్చ. 1000కి నాలుగూ కావాలి. నీలం జతో గోధుమరంగు జతో ఎలుక కొరికితే చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. కొన్ని మాత్రం దిగకుండా లింకు వస్తూ పోతూ ఉంటాయి. డీమెసేజ్ అనే కమాండ్ చూపించే లాగ్‌లో లింక్ అప్, లింక్ డౌన్ అని నిమిషానికొకసారి కనబడుతుంటే అదే కథ. అలాంటి కేబుల్‌ని మళ్లీ క్రింప్ చేసి వాడాలని చూడకుండా కొత్తది వేయండి.

ఇక మన వైపు అసలు శత్రువు పిడుగు. వేసవి సాయంత్రాలు కొండల మీది నుంచి గాలివాన దిగినప్పుడు, రెండు బిల్డింగ్‌ల మధ్య గాల్లో లాగిన రాగి ల్యాన్ కేబుల్ ఉంటే ఆ కరెంటు తిన్నగా స్విచ్‌లోకి, అక్కణ్నుంచి సర్వర్‌లోకి దిగుతుంది. పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు. ఇలా దెబ్బతిన్న పోర్టు ఒక్కోసారి పూర్తిగా చావదు. లైటు వెలుగుతుంది, స్పీడు కూడా చూపిస్తుంది, ప్యాకెట్లు మాత్రం దాటవు, లేదా పదింటిలో నాలుగు దాటుతాయి. ఈథ్‌టూల్‌లో గణాంకాలు చూపించే ఆప్షన్ వాడి, సీఆర్‌సీ ఎర్రర్ల (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) లెక్క పెరుగుతోందేమో నిమిషం పాటు గమనించండి. కేబుల్ మార్చాక కూడా పెరుగుతుంటే పోర్టు పోయినట్టే.

బిల్డింగ్‌కీ బిల్డింగ్‌కీ మధ్య ఫైబర్ లాగించండి. రెండు చివర్లా రెండు మీడియా కన్వర్టర్లు పెడితే సరిపోతుంది. ఫైబర్‌లో ఉండేది గాజు, దానిలోంచి కరెంటు పారదు. ఇనుప తీగ కలిపిన ఓవర్‌హెడ్ ఫైబర్ అయితే ఆ తీగని మాత్రం లోపలికి తేకుండా బయటే కట్టేయించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఊపేసింది. ఆ తర్వాత నేను వెళ్లిన ఒక ఆఫీసులో తెగిన ల్యాన్ కేబుల్‌ని మెలివేసి టేపు చుట్టి ఏడాది పైగా వాడుతున్నారు. సర్వర్ స్లో అని రెండుసార్లు ర్యామ్ పెంచించుకున్నారు కూడా. ఆ టేపు చుట్టిన చోటు చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఖర్చు పెట్టిన డబ్బులో పదో వంతుకి ఫైబర్ వచ్చేది.

నాలుగో అడుగు: కార్డు పేరు మారిందా?

ఇది ప్రాక్స్‌మాక్స్, ఇంకా మిగతా లైనక్స్ హోస్ట్‌లు వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. ఒక రాత్రి తొమ్మిదిన్నరకి గుణుపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది.

"అన్నయ్యా, ఎస్‌ఎస్‌డీ కార్డు ఒకటి పెట్టానంతే. నెట్ కార్డు అసలు ముట్టుకోలేదు. ఆన్ చేస్తే సర్వర్ ఎవరికీ కనబడట్లేదు."

"వెనక లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"సరే. స్క్రీన్ మీద లాగిన్ అయ్యి ఐపీ లింక్ అని కొట్టు. ఏం కనబడుతోందో ఒక్కొక్క అక్షరం చదువు, తొందరపడకు."

"ఎల్ ఓ... తర్వాత ఈఎన్‌పీ నాలుగు ఎస్ సున్నా... తర్వాత వీఎంబీఆర్ సున్నా."

"ఇప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్ లోపల ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు తెరువు. బ్రిడ్జ్-పోర్ట్స్ అన్న లైన్లో ఏముంది?"

"ఈఎన్‌పీ మూడు..." అని ఆగిపోయాడు. కాసేపటికి, "అర్థమైందన్నయ్యా" అన్నాడు.

జరిగిందేంటంటే, లైనక్స్ ఈ పేర్లను మదర్‌బోర్డు మీద ఆ కార్డు ఏ పీసీఐ నంబరు దగ్గర కూర్చుందో దాన్నిబట్టి పెడుతుంది. కొత్త కార్డు ఇంకో స్లాట్‌లో దూరితే ఆ నంబర్లు జరిగిపోతాయి. నిన్నటి మూడు ఇవాళ నాలుగవుతుంది. బ్రిడ్జి మాత్రం పాత పేరు కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. కార్డుకి లింకు ఉంది, బ్రిడ్జికి ఐపీ ఉంది, రెండింటికీ మధ్య ముడి లేదు. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు కూడా ఒక్కోసారి ఇలాగే అవుతుంది.

ఇలా చేయండి. ముందు ఆ ఇంటర్‌ఫేసెస్ ఫైలుకి తేదీతో ఒక కాపీ తీయండి. తర్వాత ఫైల్లో పాత పేరు ఉన్న ప్రతి చోటా కొత్త పేరు రాయండి. సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది: కార్డుని ప్రకటించే లైను, బ్రిడ్జ్-పోర్ట్స్ లైను. సేవ్ చేసి ఐఎఫ్‌రీలోడ్ అనే కమాండ్‌ని, అన్నీ అనే అర్థమిచ్చే ఎ ఆప్షన్‌తో కొట్టండి. నెట్‌వర్కింగ్ సర్వీసు మొత్తాన్ని రీస్టార్ట్ చేయొద్దు, నడుస్తున్న వీఎంల తీగలు బ్రిడ్జి నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. అలా ఊడితే హోస్ట్ వస్తుంది, వీఎంలు పోతాయి, సగం రాత్రి ఇంకో సమస్య వెంట పరిగెత్తాలి.

ఇది మళ్లీ రాకుండా పేరుని కార్డు మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి కార్డుకీ ఉండే సొంత నంబరు) కట్టేయొచ్చు. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో లింక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న ఫైలు పెట్టి, మ్యాచ్ భాగంలో కార్డు మ్యాక్ అడ్రస్, టైప్ ఈథర్ అని, లింక్ భాగంలో మీకు కావలసిన పేరు రాయాలి. టైప్ ఈథర్ అన్న లైను మరిచిపోవద్దు, బ్రిడ్జికి కూడా కార్డు మ్యాక్ అడ్రసే వస్తుంది కాబట్టి అది లేకపోతే తికమక అవుతుంది. పేరు ఈఎన్ అక్షరాలతో మొదలయ్యేలా పెట్టండి, అలా ఉంటే ప్రాక్స్‌మాక్స్ దాన్ని నిజమైన కార్డుగా గుర్తిస్తుంది. ఆ తర్వాత ఇంటర్‌ఫేసెస్ ఫైల్లోనూ అదే పేరు రాసి, సెలవు రోజు చూసుకుని ఒకసారి రీబూట్ చేసి సరిచూసుకోండి.

ఐదో అడుగు: బ్రిడ్జి

బ్రిడ్జి అంటే సర్వర్ లోపల ఉన్న స్విచ్ అనుకోండి. బయటి కార్డు దానిలో ఒక పోర్టు, ప్రతి వీఎం దానిలో ఒక పోర్టు. బ్రిడ్జ్ లింక్ అనే కమాండ్ కొడితే ఎవరెవరు దానికి గుచ్చుకుని ఉన్నారో వరసగా చూపిస్తుంది. మీ కార్డు ఆ జాబితాలో లేకపోతే వెనక్కి, నాలుగో అడుగుకి వెళ్లండి.

హోస్ట్ ఐపీ బ్రిడ్జి మీద ఉండాలి, కార్డు మీద ఉండకూడదు. రెండింటి మీదా ఉంటే కాసేపు పనిచేసి కాసేపు మొండికేస్తుంది. గేట్‌వే కూడా ఒక్కటే ఉండాలి. రెండో బ్రిడ్జి కలిపినప్పుడు దానికీ గేట్‌వే రాసేసి హోస్ట్‌ని పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఐపీ రూట్ అని కొట్టి డిఫాల్ట్ అన్న లైను ఒక్కటే ఉందో లేదో చూడండి.

ల్యాప్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ వేసి నేర్చుకునే తమ్ముళ్లకి ఒక మాట: వైఫై కార్డుని బ్రిడ్జిలో పెట్టి వీఎంలకి నెట్ ఇవ్వాలని రోజులు పాడుచేసుకోకండి. వైఫై రౌటర్ తన దగ్గర కనెక్ట్ అయిన మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చిన ప్యాకెట్లనే తీసుకుంటుంది, వీఎంల మ్యాక్ అడ్రస్‌లను ఒప్పుకోదు. నాట్ (వీఎంలన్నీ హోస్ట్ అడ్రస్‌తోనే బయటికి వెళ్లే పద్ధతి) పెట్టుకోండి, లేదా ఒక తీగ లాక్కోండి.

ఆరో అడుగు: ప్యాకెట్ వెంట నడవడం

ఇక్కడికి వచ్చేసరికి లైటు ఉంది, స్పీడు ఉంది, పేరు సరిపోయింది, బ్రిడ్జి ఉంది, అయినా వీఎం నుంచి బయటికి పోవడం లేదనుకుందాం. ఇప్పుడు ఊహలు కట్టిపెట్టి కళ్లతో చూడాలి. విజయనగరంలో రైలుకి వేసిన పార్సిల్ రాయగడ రాలేదనుకోండి. మనం ఏం చేస్తాం? బొబ్బిలి దాటిందా, పార్వతీపురం దాటిందా అని స్టేషన్ల వారీగా అడుగుతాం. ఆఖరుగా ఏ స్టేషన్‌లో కనబడిందో తెలిస్తే వెతకాల్సిన చోటు దొరికినట్టే. ప్యాకెట్‌కి కూడా స్టేషన్లున్నాయి.

వీఎం నంబరు 100 అనుకుందాం. ప్రాక్స్‌మాక్స్‌లో దాని తీగ పేరు ట్యాప్100ఐ0. అక్కణ్నుంచి బ్రిడ్జి, అంటే వీఎంబీఆర్0. అక్కణ్నుంచి బయటి కార్డు. ఆ వీఎంకి ప్రాక్స్‌మాక్స్ ఫైర్‌వాల్ టిక్ పెట్టి ఉంటే, ట్యాప్‌కీ బ్రిడ్జికీ మధ్య ఎఫ్‌డబ్ల్యూబీఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే ఇంకో చిన్న బ్రిడ్జి కూడా ఉంటుంది. అదీ ఒక స్టేషనే.

వీఎం కన్సోల్ తెరిచి, గేట్‌వేకి ఆగకుండా పింగ్ పెట్టి వదిలేయండి. హోస్ట్‌లో ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ కమాండ్‌ని ట్యాప్ మీద నడపండి. పేర్ల కోసం వెతకొద్దు అనే ఎన్ ఆప్షన్, మ్యాక్ అడ్రస్‌లు చూపించు అనే ఇ ఆప్షన్ రెండూ ఇవ్వండి. ముందుగా కనబడాల్సింది ఏఆర్‌పీ ప్రశ్న: "192.168.1.1 ఎవరు, 192.168.1.50కి చెప్పండి" అన్న అర్థం వచ్చే లైను.

ట్యాప్ మీద అది కూడా కనబడకపోతే తప్పు వీఎం లోపలే. నెట్‌వర్క్ అడాప్టర్ డిసేబుల్ అయి ఉండొచ్చు, విండోస్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్ వేయకపోయి ఉండొచ్చు, ఐపీయే తప్పుగా ఉండొచ్చు. విండోస్‌లో 169.254తో మొదలయ్యే ఐపీ కనబడితే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం.

ట్యాప్ మీద కనబడి బయటి కార్డు మీద కనబడకపోతే హోస్ట్ లోపలే ఎక్కడో ఆగిపోతోంది. ఇక్కడ నాకు ఎక్కువగా దొరికిన దొంగ డాకర్, అంటే అప్లికేషన్లని కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్. ఎవరో హోస్ట్ మీదే నేరుగా డాకర్ ఇన్‌స్టాల్ చేస్తారు. డాకర్ వస్తూనే లైనక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో ఫార్వర్డ్ అనే దారికి డ్రాప్ అనే నియమం పెడుతుంది. బ్రిడ్జి ట్రాఫిక్ కూడా ఐపీటేబుల్స్ గుండా పోయే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే వీఎంలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి, హోస్ట్ మాత్రం చక్కగా పలుకుతుంది. "నేను నెట్‌వర్క్ జోలికే వెళ్లలేదు" అని ఆ ఇన్‌స్టాల్ చేసిన మనిషి అంటాడు, అది నిజం కూడా. డాకర్ కావాలంటే దానికి ఒక వీఎం చేసి అందులో వేయండి.

బయటి కార్డు మీద ప్రశ్న వెళ్తూ కనబడి జవాబు రాకపోతే మీ సర్వర్ శుభ్రంగా ఉంది. స్విచ్ దగ్గరికి వెళ్లండి. స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఒక పోర్టుకి ఒక్క మ్యాక్ అడ్రసే చాలని రాసి ఉంటే, హోస్ట్‌కి మాత్రం నెట్ వచ్చి వీఎంలకి రాదు, లేదా పోర్టే మూసుకుపోతుంది. వీల్యాన్ సంగతి కింద చెబుతాను.

జవాబు కార్డు దాకా వచ్చి ట్యాప్‌కి చేరకపోతే ఫైర్‌వాల్‌నీ, డూప్లికేట్ మ్యాక్ అడ్రస్‌నీ అనుమానించండి. వీఎం ఫైళ్లను చేత్తో కాపీ చేసినప్పుడు మ్యాక్ అడ్రస్ కూడా కాపీ అవుతుంది. రెండు వీఎంలకి ఒకే మ్యాక్ ఉంటే బ్రిడ్జి జవాబుని ఒకసారి వీడికి, ఒకసారి వాడికి ఇస్తుంది. మ్యాక్‌లు వేరైనా ఉబుంటు క్లోన్‌లు రెండూ ఒకే ఐపీ తెచ్చుకుంటుంటే మెషిన్-ఐడీ ఒకటే కావడం కారణం. డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు ఉబుంటు దాని ఆధారంగానే తనను పరిచయం చేసుకుంటుంది. టెంప్లేట్ చేసే ముందు ఆ ఫైలుని ఖాళీ చేయాలి.

ఏడో అడుగు: వీల్యాన్

స్విచ్‌లో మీ సర్వర్ పోర్టు యాక్సెస్‌లో (ఒక్క వీల్యాన్‌కే) ఉందా, ట్రంక్‌లో (చాలా వీల్యాన్‌లకి) ఉందా? వీఎంకి మీరు వీల్యాన్ నంబరు రాశారంటే పోర్టు ట్రంక్‌గా ఉండాలి, ఆ నంబరు ట్రంక్‌లో అనుమతించి ఉండాలి. రెండింటిలో ఏది లేకపోయినా నెట్ రాదు. టీసీపీడంప్‌లో ఇ ఆప్షన్ ఇచ్చారు కాబట్టి బయటి కార్డు దగ్గర ప్యాకెట్ మీద వీల్యాన్ నంబరు కనబడుతుంది, నోటి లెక్కలు అక్కర్లేదు. మేనేజ్డ్ స్విచ్ కాలిపోయినప్పుడు ఆ పూట గడవడానికి ఎనిమిది పోర్టుల చవక స్విచ్ పెట్టేసి, తర్వాత వీల్యాన్‌ల మాట మరిచిపోవడం మన ఊళ్లలో మామూలే. స్విచ్ ఎవరైనా మార్చారా అని వాచ్‌మన్ దాకా అందర్నీ అడగండి.

కొన్ని వింత రోగాలు

పింగ్ వెళ్తుంది, లాగిన్ పేజీ వస్తుంది, పెద్ద రిపోర్టు తెరిస్తే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వీపీఎన్ మీద ఇంకో బ్రాంచి నుంచి పనిచేసేవాళ్లకి ఇది ఎక్కువ. ఇది ఎంటీయూలో, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజులో, తేడా. పింగ్‌లో ముక్కలు చేయొద్దు అనే ఆప్షన్ పెట్టి సైజు 1472 ఇవ్వండి. దానికి హెడర్ల 28 కలిపితే 1500, అదే మామూలు ఎంటీయూ. అది వెళ్లక 1464 వెళ్తే మధ్యలో పీపీపీఓఈ అనే రకం బ్రాడ్‌బ్యాండ్ లైను ఉండొచ్చు, దాని ఎంటీయూ 1492. వీపీఎన్ అయితే ఇంకా తగ్గుతుంది, వెళ్లే సైజు దొరికేదాకా దించుకుంటూ పోండి. ఎవరైనా స్టోరేజ్ కోసం 9000 పెట్టి ఉంటే దారిలో ఉన్న ప్రతి కార్డుకీ, ప్రతి స్విచ్‌కీ అది ఉండాలి, లేదంటే తీసేయండి.

స్విచ్ మీద లైట్లన్నీ ఒకే లయలో పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంటే, ఆఫీసులో ఏ కంప్యూటర్‌కీ నెట్ లేకపోతే, అది లూప్, అంటే ప్యాకెట్లు నెట్‌వర్క్‌లోనే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎవరో టేబుల్ కింద వేలాడుతున్న కేబుల్ చివరని చూసి పాపం ఖాళీగా ఉందని పక్కనున్న సాకెట్‌లో గుచ్చి ఉంటారు. స్విచ్ నుంచి ఒక్కో కేబుల్ తీస్తూ రండి. ఏది తీయగానే లైట్లు సద్దుమణుగుతాయో దాని వెంట వెళ్లండి. ప్రాక్స్‌మాక్స్ బ్రిడ్జిలో లూప్‌ని ఆపే ఎస్‌టీపీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి, సర్వర్ నుంచి రెండు కేబుళ్లు ఒకే బ్రిడ్జిలో పెట్టి ఒకే స్విచ్‌కి గుచ్చితే మీరే లూప్ తయారుచేసినవాళ్లవుతారు. రెండు కేబుళ్లు కావాలంటే బాండ్ చేయండి, అంటే రెండింటినీ ఒకే లింకుగా కట్టండి. స్విచ్‌ని కాన్ఫిగర్ చేయలేకపోతే యాక్టివ్-బ్యాకప్ మోడ్ చాలు. ఎల్‌ఏసీపీ అనే మోడ్ పెడితే స్విచ్ వైపు కూడా పెట్టాల్సిందే.

ఇంటెల్ ఆన్‌బోర్డ్ కార్డు ఉన్న పెట్టెల్లో బ్యాకప్ నడిచేటప్పుడు నెట్ చచ్చిపోయి, లాగ్‌లో హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అన్న మాట కనబడితే, ఈథ్‌టూల్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ అనే ఆఫ్‌లోడ్‌లు ఆపేయండి. చాలామందికి దాంతో కుదుటపడింది, నాకూ పడింది. రీబూట్ తర్వాత కూడా ఉండేలా ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసుకోవాలి.

ఐపీతో వెళ్తూ పేరుతో వెళ్లకపోతే అది పేరుని ఐపీగా మార్చే డీఎన్‌ఎస్ సమస్య. మన హోస్ట్‌కి డీఎన్‌ఎస్‌గా అదే హోస్ట్ మీదున్న వీఎం ఐపీ ఇస్తే, ఆ వీఎం ఆగినప్పుడల్లా ఇదే గొడవ. రెండో డీఎన్‌ఎస్‌గా రౌటర్ ఐపీ ఇవ్వండి.

ఈఎస్‌ఎక్స్ఐ, హైపర్-వీ వాడేవాళ్లకి

దారి అదే, పేర్లే వేరు. ఈఎస్‌ఎక్స్ఐలో మానిటర్ తగిలించి ఎఫ్2 నొక్కితే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ని పరీక్షించే మెనూ ఉంటుంది. గేట్‌వేకీ డీఎన్‌ఎస్‌కీ పింగ్ చేసి ఏది తప్పిందో చెబుతుంది. అక్కడే మేనేజ్‌మెంట్‌కి ఏ వీఎమ్‌నిక్ (నెట్‌వర్క్ కార్డు) వాడుతున్నారో, దానికి లింకు ఉందో లేదో కూడా కనబడుతుంది. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ని మాత్రమే రీస్టార్ట్ చేసే ఆప్షన్ వల్ల వీఎంలకి దెబ్బ తగలదు.

హైపర్-వీలో ఎక్స్‌టర్నల్ స్విచ్ తయారుచేసేటప్పుడు, ఈ కార్డుని హోస్ట్ విండోస్ కూడా పంచుకోవచ్చు అనే టిక్ ఒకటి ఉంటుంది. అది తీసేస్తే వీఎంలు బ్రహ్మాండంగా నడుస్తాయి, హోస్ట్ మాయమవుతుంది. ఇక పాత బ్రాడ్‌కామ్ గిగాబిట్ కార్డులున్న సర్వర్లలో వీఎంల నెట్ నత్తనడక నడుస్తుంటే వీఎంక్యూ అనే సెట్టింగ్‌ని ఆ కార్డు మీద డిసేబుల్ చేయండి. 2012 విండోస్ సర్వర్ కాలం నుంచి తెలిసిన సమస్యే ఇది.

నెట్ వచ్చాక

వచ్చింది కదా అని ఇంటికి పోవద్దు. మొదటి అడుగులో కొట్టిన మూడు పింగ్‌లూ మళ్లీ కొట్టండి. బిల్లింగ్ కౌంటర్‌లో ఒక బిల్లు నిజంగా తీయించి చూడండి. చేసిన మార్పు ఫైల్లో ఉందా, లేక కమాండ్‌తో అప్పటికప్పుడు పెట్టిందా? రెండోదైతే కరెంటు పోయి యూపీఎస్ ఖాళీ అయిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. ఆదివారం చూసుకుని, వీఎంలని పద్ధతిగా ఆపి, హోస్ట్‌ని ఒకసారి రీబూట్ చేసి, అన్నీ వాటంతట అవి లేస్తున్నాయో లేదో మీ కళ్ల ముందే చూసుకోండి.

ర్యాక్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి. హోస్ట్ ఐపీ, గేట్‌వే, ఐడ్రాక్ ఐపీ, కార్డు పేరు, మ్యాక్ అడ్రస్, స్విచ్‌లో ఏ పోర్టు, ఏ వీల్యాన్, ఏ వీఎం నంబరు ఏ పనికి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయకండి. ఆ కాగితం కిందే ఒక సంచి వేలాడదీయండి: పరీక్షించిన ప్యాచ్ కేబుళ్లు రెండు, చిన్న స్విచ్ ఒకటి, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ ఒకటి. ఆన్‌బోర్డ్ పోర్టు పిడుగుకి పోయిన రాత్రి ఆ యూఎస్‌బీ అడాప్టర్‌ని బ్రిడ్జిలో పెడితే తెల్లారేదాకా ఆసుపత్రి నడుస్తుంది. తెల్లారాక విశాఖ రైలెక్కి అసలు కార్డు తెచ్చుకోవచ్చు.